ఎర్రగుడ్డ తీసేసిన రోజు

మా బీచ్‌కి వచ్చి "సముద్రం ఎంత బాగుందో" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది గోదావరి. సముద్రం ఇంకా కిందకి, పడవ మీద గంట పైనే పడుతుంది. అయితే యానాంలో ఎండాకాలం గోదావరి అంటే సగం సముద్రమే. పైనుంచి మంచినీళ్ళు రావు, కిందనుంచి పోటుతో పాటు ఉప్పునీళ్ళు ఎక్కుతాయి, ఆ ఉప్పు వెంట సముద్రంలో ఉండాల్సినవన్నీ ఎక్కుతాయి. సొరచేపలు కూడా. ఈ మాట చెబితే టూరిస్టులు నవ్వుతారు. నవ్వనీ, నాకేం.

నా పేరు దుర్గాప్రసాద్. ఆ బీచ్‌కి నేను కాపలా, కాంట్రాక్టు మీద. ఇరవై ఏళ్ళు వేటకెళ్ళినవాణ్ణి, మోకాలు చిప్ప పగిలాక పడవ ఎక్కలేక ఇక్కడ కుర్చీ వేసుకున్నాను. ఖాకీ చొక్కా, మెడలో విజిల్. నేను చెయ్యాల్సిన పని నా వెనకాల బోర్డు మీదే రాసి ఉంటుంది. ఈ బీచ్ నుండి సొరచేపల వేట నిషేధం, నీటిలో ఎర వేయరాదు, చేపల వ్యర్థాలు, మాంసం వ్యర్థాలు పారవేయరాదు, అతిక్రమించినవారు శిక్షార్హులు. పెట్టి రెండేళ్ళయింది. మంచి రూలే. జనం స్నానాలు చేసే చోట నెత్తురు ఎర వేసేవాణ్ణి తన్నినా తప్పులేదని నేను ఇప్పటికీ అంటాను.

బోర్డు రాకముందు మాకు మా పద్ధతి ఒకటి ఉండేది. సొరకి గాలం వేస్తే నెత్తురు కారే ఎర గుచ్చాలి. ఆ వాసనకి ఏది వస్తుందో వేసినవాడికే తెలీదు. అందుకని గాలం వేసినవాడు ఒడ్డున వెదురుకర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవాడు. ఆ గుడ్డ కనిపిస్తే పిల్లలు స్నానానికి దిగరు, గుల్లలు ఏరే ఆడవాళ్ళు దిగరు, గేదెల్ని కూడా తోలరు. గాలం లాగేశాక రెండు పోట్లు దాటనిచ్చి, కట్టినవాడే వచ్చి విప్పాలి. ఇంకొకడు ఆ గుడ్డ మీద చెయ్యి వేస్తే మా పేట, ఫరంపేటలో వాడితో ఎవరూ మాట్లాడేవారు కాదు.

బోర్డు పెట్టినప్పుడు లక్ష్మణరావు గారని, బీచ్ వ్యవహారాలు చూసే ఆఫీసరు, ఆ గుడ్డల్ని చూసి చికాకు పడ్డాడు. వేటే నిషేధం అయ్యాక ఇంక గుడ్డ దేనికి, అది కడితే వేట జరుగుతోందని మనమే ఒప్పుకున్నట్టు కదా, టూరిస్టులు బెదిరిపోరూ అన్నాడు. చెప్పొద్దూ, నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఉన్న కర్రలన్నీ నేనే పీకేశాను. అప్పట్నుంచి ఆడవాళ్ళు గుడ్డకి బదులు నన్ను చూడటం మొదలుపెట్టారు.

పొద్దున్నే ఆరున్నరకి వస్తారు, ఏడెనిమిది మంది. గుండెల్లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళతో తడిమి, మునిగి, కూరకీ సున్నానికీ అమ్ముకునే గుల్లలు ఏరి గంపకెత్తుతారు. వాళ్ళకి పడవల్లేవు, వలల్లేవు, ఏటా ఎండాకాలం సముద్రంలో వేట ఆపేసే నిషేధం రోజుల్లో బోట్లవాళ్ళకి సర్కారు ఇచ్చే సాయం కూడా వాళ్ళకి రాదు. వాళ్ళందరికీ పెద్ద ఆరోగ్యమ్మ. అరవై దాటింది. మా అమ్మకి వరసకి చెల్లెలు కాకపోయినా నేను పిన్నీ అనే పిలుస్తాను. నీళ్ళలో కాలు పెట్టేముందు రోజూ నా కుర్చీ దగ్గర ఆగి, "ఏమైనా ఉందా పెసాదూ?" అని అడుగుతుంది. నేను "ఏం లేదు పిన్నీ, దిగండి" అంటాను. రెండేళ్ళు అలా అన్నాను. రెండేళ్ళూ నిజమే చెప్పాను.

మే నెలలో మా అమ్మాయి సాయిదివ్య పురుడు పోసుకుంది. ఆడపిల్ల. పదకొండో రోజు వచ్చినా తల్లికి పాలు పడలేదు. డబ్బా పాలు పడితే పిల్ల కక్కేస్తోంది. ఏడుపు కూడా ఆరిపోయి, నోరు తెరిచి మూయడం వరకే మిగిలింది. డాక్టరమ్మ మందు రాసిచ్చి, ఓపిక పట్టమంది. మా ఆవిడ సరోజినికి ఓపిక ఎక్కడిది? బాలింతకి సొరపుట్టు పెట్టకపోతే పాలెలా పడతాయని నా మీద విరుచుకుపడింది. మా వైపు ఏ బాలింతకైనా పాలసొర ఉడకబెట్టి, ముల్లు తీసి, ఉల్లిపాయ వేసి పొడిగా వేయించి పెడతారు. కానీ అవి వేట నిషేధం రోజులు. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. యానాం బజార్లో చెరువు చేప తప్ప ఇంకోటి లేదు.

సరోజిని నా కళ్ళలోకి చూస్తూ, గాలం వేస్తే ఒడ్డునే పడుతుంది కదా అంది. నేను అరిచాను. కాపలా కాసేవాడి ఇంట్లోనే ఆ మాట వినబడితే నా ఉద్యోగం ఊడుతుందన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడం చూసి ఊరుకుందనుకున్నాను, నా బుద్ధి మండ. వాళ్ళ తమ్ముడు వెంకన్నకి ఫోన్ చేసిందని నాకు మర్నాడు పొద్దున్నగానీ తెలియలేదు.

తెలిసింది ఎలాగంటే, ఆరుంబావుకి డ్యూటీకి వెళ్ళేసరికి బీచ్ చివర, సరుగుడు చెట్ల అవతల, వెదురుకర్రకి ఎర్రగుడ్డ ఎగురుతోంది. కొత్తగా కట్టిన గుడ్డ. సరోజిని పాత చీర చెంగు అది, చూడగానే గుర్తుపట్టాను. దాని మొదట్లోంచి నైలాను తాడు నీళ్ళలోకి పోతోంది. వెంకన్న వెర్రివాడు కాదు. రూలు తప్పాడు గానీ పద్ధతి తప్పలేదు. ఎర వేశాడు, వేసినట్టు ఊరికి చెప్పాడు.

నేను ఆ గుడ్డని చూస్తూ నిలబడి ఉండగానే రోడ్డు మీద జీపు ఆగింది. లక్ష్మణరావు గారు. ఆదివారం నుంచి టూరిస్టుల పడవలు మొదలుపెడుతున్నారట, ఒడ్డు శుభ్రంగా ఉందో లేదో చూడ్డానికి చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఆయన చెప్పులు విప్పి ఇసకలోకి దిగే లోపల నేను కుంటుకుంటూ పరిగెత్తాను. కర్ర పీకి సరుగుళ్ళలోకి విసిరాను. గుడ్డ ఉండ చుట్టి చొక్కాలో దోపుకున్నాను. తాడు మీద కాలితో ఇసక తోశాను. ఆ గుడ్డ ఆయన కంట్లో పడితే వెంకన్న మీద కేసు, నాకు ఇంటిదారి. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అంతే. ఇంకెవరూ లేరు.

వెనక్కి వచ్చేసరికి ఆయన నా కుర్చీ పక్కన నిలబడి బోర్డు మీద రెట్టలు చూసి విసుక్కుంటున్నాడు. అప్పుడే ఆడవాళ్ళు గంపలతో దిగారు. ముందు ఆరోగ్యమ్మ, వెనకాల ఆవిడ కోడలు ఆగ్నెస్, ఆ వెనక మిగతావాళ్ళు. ఆరోగ్యమ్మ ఆఫీసరుకి దణ్ణం పెట్టి, నా దగ్గర ఆగింది.

"ఏమైనా ఉందా పెసాదూ?"

చెప్పడానికి దారులు లేకపోలేదు. పోటు జోరుగా ఉంది, రేపు రండి అనొచ్చు. మొసలి కనబడిందనొచ్చు. ఆ క్షణంలో ఒక్కటీ తట్టలేదు అని ఇప్పుడు అబద్ధం ఎందుకు చెప్పాలి, అన్నీ తట్టాయి. ఏది చెప్పినా పక్కనున్నాయన "ఏం, ఎందుకు?" అని అడుగుతాడు. అడిగితే నా మొహం పట్టిచ్చేస్తుంది. చొక్కాలో గుడ్డ చెమటకి తడిసి పొట్టకి అంటుకుపోయింది.

"ఏం లేదు పిన్నీ, దిగండి."

దిగారు. ఆఫీసరు ఇంకో అరగంట ఉండి, కుర్చీకి రంగు వేయించమని చెప్పి వెళ్ళాడు. ఆయన జీపు కదిలాకైనా విజిల్ ఊదొచ్చు కదా అంటారు. అప్పటికే వాళ్ళు అరగంట నుంచి నీళ్ళలో ఉన్నారు. ఇప్పుడు రమ్మంటే ఈ అరగంటకి ఏం జవాబు చెప్పాలి? ఒడ్డున నిలబడి తలలు లెక్కపెట్టాను. ఎనిమిది తలలు. ఒకరు మునిగితే ఏడు. ఏడు ఎనిమిదయ్యేదాకా నాకు ఊపిరి లేదు. గంటన్నరకి అందరూ గంపలు నింపుకుని నవ్వుకుంటూ పైకొచ్చారు. 

ఎనిమిదిన్నరకి వెంకన్న వచ్చాడు. గుడ్డ ఎవడు తీశాడని నన్నే అడిగాడు. నేనేనన్నాను. వాడు నా కంటే పన్నెండేళ్ళు చిన్న, ఎప్పుడూ బావగారని తప్ప మాట్లాడడు. ఆ రోజు కొట్టేస్తాడేమో అనిపించింది. ఆడవాళ్ళు దిగారా అని అడిగాడు. తలూపాను. వెళ్ళి తాడు లాగడం మొదలుపెట్టాడు.

తాడుకి రెండు గాలాలున్నాయి. మొదటిదానికి పాలసొర పడింది, మూడు మూరల పొడవు ఉండాల్సింది. సగమే వచ్చింది. తల, రెక్కలు, పొట్టదాకా ఉంది, ఆ కిందది లేదు. ముక్కలు ముక్కలుగా పీక్కుతిన్నట్టు కాదు, ఒక్క కాటుకి చంద్రవంకలా తెగిపోయింది. వెంకన్న దాని మీద జాన పెట్టి చూశాడు. కాటు జాన దాటింది. రెండో గాలం నా చిటికెన వేలంత లావు ఇనుము. అది తిన్నగా సాగిపోయి ఉంది.

"బావా, ఇది మనం పిలిచింది కాదు," అన్నాడు వాడు. "మన ఎర తిని పడిన దాన్ని తినడానికి వచ్చింది. ఒకసారి రుచి మరిగాక వరదనీళ్ళు వచ్చేదాకా బీచ్ ముందున్న ఈ మడుగు వదలదు. వాళ్ళకి చెప్పెయ్."

రేపు చెబుతానన్నాను. ఆ సగం సొర సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాను. మిగతా సగం ఏదని సరోజిని అడిగితే ఇంకొకరికి ఇచ్చేశానన్నాను. దివ్య ఆ మధ్యాహ్నం ఒక గిన్నెడు పుట్టు తింది. తెల్లారేసరికి పాలు పడ్డాయి. మందుకి పడ్డాయో, పుట్టుకి పడ్డాయో, వేళ వచ్చి పడ్డాయో దేవుడికెరుక. పిల్ల రొమ్ము పట్టుకుని గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ సంతోషంతోనే బీచ్‌కి వెళ్ళాను. ఆరోగ్యమ్మ అడిగింది. పిల్ల పాలు తాగుతోందా అని ముందు అడిగి, తాగుతోందని చెబితే కళ్ళు మూసుకుని మరియమ్మ తల్లికి మొక్కి, ఆ తర్వాత, ఏమైనా ఉందా అని అడిగింది. ఇవాళ ఉందని చెబితే నిన్న కూడా ఉందని చెప్పినట్టే. నా నోరు పడిపోను, మళ్ళీ ఏం లేదనే అన్నాను. ఆ రోజు కూడా ఎనిమిది మందీ పైకి వచ్చారు. ఇంక ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అయిదింటికి, ఇంకా ఎండ ఉండగానే, రాజమండ్రి నుంచి వచ్చిన ఒక కుటుంబం మెట్ల మీద కూర్చుని టీకొట్టు కుక్కతో ఆడుతోంది. వాళ్ళు కొబ్బరిమట్ట ముక్క నీళ్ళలోకి విసురుతున్నారు, అది ఈదుకెళ్ళి తెస్తోంది. నాలుగోసారి వెళ్ళింది. మట్ట ముక్క దాకా వెళ్ళింది. దాని తల చుట్టూ నీళ్ళు ఒక్కసారి నున్నగా అయ్యాయి. అంతే, కుక్క లేదు. అరుపు లేదు, నురగ లేదు. మట్ట ముక్క అక్కడే తేలుతోంది. అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయి ఉంటుందని ఆ తండ్రి పిల్లలకి చెప్పాడు. పిల్లలు నమ్మారు. విజిల్ ఊది అందరినీ మెట్ల మీదనుంచి లేపేశాను. 

అక్కణ్ణుంచి తిన్నగా లక్ష్మణరావు గారింటికి వెళ్ళాను. వెంకన్న పేరు మింగేసి, మడుగులో పెద్ద సొర తిరుగుతోంది, కొన్నాళ్ళు ఎవరూ దిగకుండా ఒడ్డున గుర్తు కట్టిద్దామన్నాను. ఎవరైనా ఎర వేశారా అని అడిగాడు. తెలీదన్నాను. నువ్వు కాపలా ఉండగా ఎలా వేస్తారన్నాడు.  ఆదివారం పడవలున్నాయి, కుక్క మునిగితే సొర అనకు, నిషేధం బోర్డు ఉంది కదా, అది చాలు అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

మర్నాడు ఆరోగ్యమ్మ వచ్చేసరికి నేను కుర్చీలో లేను. నీళ్ళకి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ అడగకముందే చెప్పేశాను.

"దిగకండి పిన్నీ. పెద్ద సొర ఉంది. నిన్న సాయంత్రం కుక్కని తీసుకుంది."

ఆడవాళ్ళు గంపలు దించారు. ఆగ్నెస్, ఇరవై అయిదేళ్ళది, కుక్క సంగతి తెలుసన్నట్టు తల ఆడించి, మరి అది నిన్నే వచ్చిందా అని అడిగింది. ఉన్నమాట ఉన్నట్టు చెప్పకుండా తప్పించుకునే ఆఖరి అవకాశం అది. అవునంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల నిన్న నా ఎదురుగానే మునిగి, జుట్టు పిండుకుంటూ లేచింది. నోరు అబద్ధానికి తిరగలేదు.

నిన్నా ఉంది, మొన్నా ఉందన్నాను. ఎర వేశారని నాకు తెలుసన్నాను. కట్టిన గుడ్డ నేనే తీశానన్నాను. ఎవరి కోసం వేశారో కూడా చెప్పాను. చెబుతుంటే మా మనవరాలి గుటకలే చెవుల్లో వినిపిస్తున్నాయి. వాళ్ళు తిడతారనుకున్నాను. చెప్పులు విసిరినా పడదామనుకున్నాను.  ఆగ్నెస్ మెల్లిగా ఒడ్డు మీద కూర్చుని, తన కాళ్ళని తనే తడుముకుని చూసుకుంది.

అప్పుడు ఆరోగ్యమ్మ మాట్లాడింది. కోపంగా కాదు, దారి తప్పినవాళ్ళు దారి అడిగినట్టు అడిగింది.

"మరి ఇప్పుడు మేం ఎవర్ని అడగాలి పెసాదూ?"

ఆ మాటకి నేను నేలలోకి కూరుకుపోయాను. ఆ రోజు, ఆ మర్నాడు వాళ్ళు దిగలేదు. మూడో రోజు వచ్చారు. గుల్లలు లేకపోతే పొయ్యి వెలగదు, ఎన్నాళ్ళు కూర్చుంటారు? నా మీద ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, వెంకన్న పేరు ఎక్కడా ఎత్తలేదు. బాలింత కోసం చేసిన పనికి కేసులేమిటని ఆరోగ్యమ్మే అందరికీ చెప్పిందట. నన్ను తిట్టి ఉంటే అన్నం సహించేది.

వాళ్ళు నా కుర్చీ దగ్గర ఆగలేదు. నేరుగా నీళ్ళ దాకా వెళ్ళి, ఏడుగురు ఒడ్డునే నిలబడ్డారు. ఆరోగ్యమ్మ ఒక్కతే చెంగు బిగించి దిగింది. మోకాలు, నడుము, మెడ. అక్కడ ఆగి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడింది. మరియమ్మ తల్లికి చెప్పుకునే మంగళవార్త జపం. పదిసార్లు అయ్యాక చెయ్యి పైకెత్తింది. అప్పుడు మిగతావాళ్ళు దిగారు.

పైకొచ్చాక ఆవిడ కాళ్ళ మీద పడబోయాను. పిన్నీ, రేపట్నుంచి ముందు నేను దిగుతాను, మెడలోతులో నేను నిలబడతాను, నాకేమీ కాకపోతేనే మీరు రండి అన్నాను. నిజంగానే అన్నాను, ఆ నీళ్ళంటే నాకు ప్రాణభయం ఉన్నా అన్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని లేపి, గంప నెత్తికెత్తుకుంది.

"ఎర ఎక్కడేశారో నీకు తెలుసు. ఎక్కడ నిలబడితే ఏమీ కాదో నీకు తెలిసుంటుంది. మాకు తెలీదు కదా పెసాదూ."

ఇది జరిగి వారం దాటింది. రోజూ ఆరున్నరకి ఆవిడ ఒక్కతే ముందు దిగుతుంది. పది జపాలు అయ్యేదాకా నీళ్ళ మీద ఆ నెరిసిన తల ఒక్కటే ఉంటుంది. నేను విజిల్ నోట్లో పెట్టుకుని ఒడ్డున నిలబడతాను. ఆగ్నెస్ మాత్రం నీళ్ళకేసి చూడదు. అత్త దిగినప్పట్నుంచి చెయ్యి ఎత్తేదాకా రెప్ప వేయకుండా నా మొహంలోకే చూస్తూ ఉంటుంది.